నాడె ఉంటుంది, కండె మారుతుంది

పోయిన నెల మన పట్టణంలోని ఒక స్పిన్నింగు మిల్లులో, రెండో పాళీ నడుస్తుండగా, వేస్టు కాటన్ బేళ్ళు కట్టే ప్రెస్సులో ఒక యువ కార్మికుడి కుడి చెయ్యి నలిగిపోయింది. రెండు వేళ్ళు తీసేయవలసి వచ్చింది. అతడు కాంట్రాక్టరు మనిషి, మిల్లులో చేరి ఏడాది కూడా కాలేదు. బేలు చుట్టూ పట్టీ సరిచేస్తున్నప్పుడు ఆపరేటరు లివరును మధ్యకు తెచ్చాడు. లివరు మధ్యకు వస్తే ప్రెస్సు ఆగాలి. ఆగలేదు. ఇంకో నాలుగు అంగుళాలు దిగి అప్పుడు ఆగింది. ఆ ప్రెస్సు తలుపు తెరిస్తే మోటారు దానంతటదే ఆగిపోవాలన్న ఏర్పాటు ఎన్నాళ్ళ నుంచో పని చేయడం లేదు. దానిపై మన సంఘం విడిగా ఫిర్యాదు ఇచ్చింది. ఈ సంపాదకీయం దాని గురించి కాదు.

ప్రమాదం జరిగి ఇరవై రోజులు తిరగకముందే ఆ పాళీ ఫిట్టరుకు చార్జిషీటు చేతికొచ్చింది. "హైడ్రాలిక్ వ్యవస్థ నిర్వహణలో నిర్లక్ష్యం" అని అందులో రాశారు. ఆ ఫిట్టరు ఇరవై రెండేళ్ళుగా ఆ మిల్లులో పని చేస్తున్న మనిషి. మర్నాడు పొద్దున వాల్వు విప్పినప్పుడు మన ప్రతినిధి అక్కడే ఉన్నాడు. వాల్వు లోపల అటూ ఇటూ జరిగే స్పూలు మీద నల్లటి జిగురు, దానికి అతుక్కుని కాగితపు నూగు కనిపించాయి. ఆ తరువాత ఫిల్టరు గిన్నె విప్పితే లోపల ఉన్నది కొత్త ఎలిమెంటు కాదు. మడతలు విచ్చుకుపోయి, రెండు చోట్ల చిరిగి ఉన్న పాత కాగితపు ఎలిమెంటు. దాన్ని కిరసనాయిలు టబ్బులో కడిగి మళ్ళీ బిగించారు. అలా కడగమన్నది ఎవరు? ఫిట్టరు సొంత ఆలోచన కాదు. మూడు నెలలుగా స్టోర్సులో కొత్త ఎలిమెంటు ఇవ్వడం లేదు. "వ్యర్థం తగ్గించాలి, ఉన్నదాన్నే తిరిగి వాడండి" అన్న మాట పైనుంచి నోటిమాటగా వచ్చింది. కాగితం మీద ఎక్కడా లేదు.

ఇక్కడి దాకా వింటే ఇది ఎప్పుడూ జరిగే కథే. కానీ మా ప్రతినిధులు మాట్లాడడానికి వెళ్ళినప్పుడు యాజమాన్యం తరఫు అధికారి సొరుగు తెరిచి మన పత్రిక పాత సంచిక ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. "మీరు రాసిందే కదా మేము చేశాం" అన్నాడు.

నిజమే, మేము రాశాం. రెండేళ్ళ క్రితం మిల్లుల్లో నూనె వ్యర్థాల మీద ఒక చిన్న వ్యాసం వేశాం. తిరిగి వాడగల ఫిల్టరు హౌసింగులు పెట్టమని యాజమాన్యాలను అడిగాం. అడిగింది సరైనదే. కానీ ఆ వ్యాసంలో ఒకచోట "ఫిల్టర్లను పారేయకుండా తిరిగి వాడవచ్చు" అని ఒక వాక్యం పడింది. హౌసింగు వేరు, లోపలి ఎలిమెంటు వేరు అని విడమరచి చెప్పలేదు. రాసినవాళ్ళం మేమే, దిద్దినవాళ్ళమూ మేమే. ఆ వాక్యం చదివి ఎవరూ కాగితాన్ని కిరసనాయిల్లో ముంచరనుకున్నాం. ఆ తప్పు ఒప్పుకోవడానికీ, ఆ రోజు చెప్పవలసి ఉండి చెప్పని సంగతి ఈ రోజు చెప్పడానికీ ఈ పేజీ వాడుకుంటున్నాం.

మన పాఠకుల్లో సగానికి పైగా సాంచాల మీద పని చేసేవాళ్ళు. మామూలు సాంచాకు హైడ్రాలిక్కు ఉండదు. కానీ నాడె సంగతి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నాడెలో కండె అయిపోతే కండె మారుస్తాం, నాడెను పారేయం. ఖాళీ కండెకు మళ్ళీ నూలు చుట్టకుండా నాడెలో పెట్టి నేయమని ఏ జాబరూ అనడు. ఫిల్టరు సంగతీ ఇంతే. బయటి గిన్నె నాడె లాంటిది, ఏళ్ళ తరబడి ఉంటుంది. లోపలి ఎలిమెంటు కండె లాంటిది, దాని పని అయిపోతే తీసేయాలి.

హైడ్రాలిక్కు యంత్రంలో నూనె తిరుగుతూ ఉంటుంది. ట్యాంకు నుంచి పంపు, పంపు నుంచి వాల్వు, వాల్వు నుంచి సిలిండరు, సిలిండరు నుంచి తిరిగి ట్యాంకు. బేలు ప్రెస్సుల్లో ఈ నూనె ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు నూట యాభై, రెండు వందల కిలోల దాకా ఉంటుంది. వాల్వు స్పూలుకూ దాని చుట్టూ ఉన్న గోడకూ మధ్య సందు కొన్ని మైక్రాన్లే. మన తల వెంట్రుక మందం సుమారు డెబ్భై మైక్రాన్లు. మామూలు కంటికి నలభై మైక్రాన్ల కంటే చిన్నది కనిపించడం కష్టం. అంటే నూనెను వేళ్ళ మధ్య రుద్ది చూసి "బాగానే ఉంది" అనే మన పాత అలవాటు ఇక్కడ పనికిరాదు. స్పూలును పట్టేసే మురికి మన కంటికి ఆనదు. ఆ మురికి పట్టడానికే పది మైక్రాన్లు, ఇరవై ఐదు మైక్రాన్లు అంటూ ఫిల్టర్లు పెడతారు.

ఫిల్టర్లు ఉండే చోట్లు మూడు. ట్యాంకు లోపల పంపుకు ముందు ఇనుప జాలీ ఉంటుంది. అది ముతకది, కడుక్కోవచ్చు, కడగాలి కూడా. పంపు తరువాత ఎక్కువ ఒత్తిడి ఉండే లైనులో ఫిల్టరు ఉంటే దానికి ఎప్పుడూ గట్టి ఉక్కు లేదా పోత ఇనుము హౌసింగే ఉంటుంది, ఎందుకంటే రేకు డబ్బా ఆ ఒత్తిడికి నిలవదు. ఇక మూడోది నూనె తిరిగి ట్యాంకులో పడే లైను. అక్కడ ఒత్తిడి తక్కువ. అందుకే చాలా మిల్లుల్లో అక్కడ లారీ ఇంజనుకు ఉన్నట్టు తిప్పి బిగించే రేకు డబ్బా ఫిల్టరు ఉంటుంది. నిండితే డబ్బాతో సహా పారేస్తారు. ఎయిర్‌జెట్ మగ్గాలకు గాలి ఇచ్చే కంప్రెసర్లకూ ఇలాంటి డబ్బాలే. మేము మార్చమంటున్నది ఈ డబ్బాలను. వాటి చోట గిన్నె హౌసింగు పెడితే నిండినప్పుడు లోపలి ఎలిమెంటు ఒక్కటే తీసి కొత్తది వేసుకోవచ్చు. గిన్నె, మూత, స్ప్రింగు, బైపాసు వాల్వు అన్నీ అలాగే ఉంటాయి. ఇంకొన్ని హౌసింగుల్లో ఎలిమెంటు మధ్యలో ఉండే ఉక్కు గొట్టం కూడా హౌసింగుకే ఉంటుంది. అప్పుడు పారేసే ఎలిమెంటులో ఇనుము దాదాపు ఉండదు, నొక్కితే చిన్నగా అయిపోతుంది.

ఇప్పుడు కాగితపు ఎలిమెంటు కడిగితే ఏమవుతుందో చూడండి. మురికి ఆ కాగితం లోతుల్లో ఇరుక్కుని ఉంటుంది. కిరసనాయిల్లో ముంచి దులిపితే పైనున్నది కొంత పోతుంది, లోపలిది పోదు. కొంత మురికి శుభ్రంగా ఉండవలసిన వైపుకు చేరుతుంది. గాలి పైపు పెట్టి ఊదితే మడతలు చిరుగుతాయి. మళ్ళీ బిగించినప్పుడు ఆ మురికీ, కాగితపు నూగూ నూనెతో పాటు నేరుగా వాల్వులోకి పోతాయి. చిరగకపోయినా త్వరగా మూసుకుపోతుంది. మూసుకుపోతే ఫిల్టరు పగలకుండా బైపాసు వాల్వు తెరుచుకుంటుంది. అప్పటి నుంచి నూనె అసలు వడకట్టబడకుండానే తిరుగుతుంది. బయటి నుంచి చూసేవాడికి ప్రెస్సు చక్కగా నడుస్తున్నట్టే ఉంటుంది. ఫిల్టరు ఉన్నా లేనట్టే. ఇంకోమాట, కిరసనాయిలు టబ్బు పక్కన దూది నుసి ఎగిరే ఖాతా ఉంటుంది. మిల్లులో అగ్ని ప్రమాదం అంటే ఏమిటో పాతవాళ్ళను అడగండి.

ఉక్కు జాలీ ఎలిమెంట్లు కడుక్కోవచ్చు. అవి కడగడానికే చేసినవి, ఖరీదూ ఎక్కువే. కాగితం, గాజు పీచు ఎలిమెంట్లు కడగకూడదు. ఈ రెంటికీ తేడా తెలిసినవాడే ఫిట్టరు. తెలిసి కూడా స్టోర్సు ఇవ్వకపోతే ఆ ఫిట్టరు ఏం చేస్తాడు? ప్రెస్సు ఆపితే ఉత్పత్తి ఆపాడంటారు, నడిపితే నిర్లక్ష్యం అంటారు.

మన గేటు మీటింగుల్లో ఈ విషయం ఎత్తినప్పుడు కొందరు సోదరులు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. "ఓనరు ఫిల్టరు మిగిలితే ఓనరుకు లాభం. మనకు బోనసు గొడవ ఉంది, బదిలీవాళ్ళ పర్మనెంటు గొడవ ఉంది. ఈ డబ్బాల సంగతి మనకెందుకు?" బోనసు గొడవ మేము వదిలిపెట్టలేదు. అది వేరే పేజీలో ఉంది. కానీ ఆ డబ్బా ఎవరి చేతుల్లోంచి పోతుందో ఒక్కసారి వెంట నడిచి చూడండి.

డబ్బా విప్పేవాడు ఫిట్టరు, లేదా అతని హెల్పరు. విప్పగానే అందులో మిగిలిన నూనె మోచేతుల దాకా కారుతుంది. డబ్బాను బోర్లించి కార్చే ఓపిక, చోటు, సమయం ఎవరూ ఇవ్వరు. నూనెతోనే అది మూలనున్న డ్రమ్ములో పడుతుంది. డ్రమ్ము నిండితే ఊడ్చే ఆడవాళ్ళు, వాళ్ళూ కాంట్రాక్టరు మనుషులే, చేతులతో బస్తాల్లోకి ఎత్తుతారు. బస్తా భంగార్‌వాడికి పోతుంది. (మరాఠీలో భంగార్ అంటే తుక్కు, మన భాషలో బంగారం అంటే వేరు. కొన్ని మిల్లుల స్టోరుకీపర్లకు మాత్రం ఈ రెండు మాటల మధ్య తేడా లేదు.) భంగార్‌వాడు ఇనుము కోసం డబ్బా కోస్తాడు. కాగితం తగలబెడతాడు, నూనె గటారులో పోస్తాడు. ఆ గటారు మన పేటల మీదుగానే పోతుంది. తగలబడ్డ కాగితపు పొగ మన ఇళ్ళలోకే వస్తుంది. ఉజని నీళ్ళ కోసం కుళాయి దగ్గర వంతులు కాచే ఊళ్ళో మనం నూనెను కాలువలో కలుపుతున్నాం.

అంతటితో అయిపోదు. నూనె అంటిన ప్యాంటు, చొక్కా ఇంటికొస్తాయి. వాటిని ఉతికేది ఎవరు? పగలంతా బీడీలు చుట్టిన చేతులే సాయంత్రం ఆ బట్టలు ఉతుకుతాయి. పిల్లల బట్టలతో కలిపి నానబెట్టే ఇళ్ళు కూడా మేము చూశాం.

నూనెకూ నూలు మిల్లు కార్మికుడి ఒంటికీ ఉన్న సంబంధం కొత్తది కాదు. ఇంగ్లండులో లాంకషైరు మిల్లుల్లో మ్యూల్ యంత్రాల మీద నూలు వడికే కార్మికులకు తొడల సందుల్లో, వృషణాల తిత్తి మీద చర్మ కేన్సరు వచ్చేది. కదులుతున్న చట్రం మీదికి వంగి తెగిన దారాలు అతికేటప్పుడు కదుళ్ళ నుంచి చిమ్మే నూనె ప్యాంటును తడిపేది. ఏళ్ళ తరబడి ఆ తడి ప్యాంటుతోనే నిలబడేవాళ్ళు. పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే మాంచెస్టరు వైద్యుల కంటికి ఇది ఆనింది. 1922లో సౌతామ్, విల్సన్ అనే ఇద్దరు వైద్యులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీని గురించి రాసి, వచ్చినవాళ్ళలో మ్యూల్ కార్మికులు ఎంతమందో చూపించారు. ఆ యంత్రాలకు బాగా శుద్ధి చేసిన నూనెలే వాడాలని నిబంధన రావడానికి 1953 దాకా పట్టింది. వైద్యుల వ్యాసానికీ చట్టానికీ మధ్య ముప్పై ఒక్క ఏళ్ళు గడిచాయి.

ఈ రోజు మన ప్రెస్సుల్లో పోసే హైడ్రాలిక్కు నూనె ఆ కాలపు నూనె కాదు. బాగా శుద్ధి చేసినది. దాన్ని ముట్టుకుంటే కేన్సరు వస్తుందని మేము అనడం లేదు, ఎవరినీ భయపెట్టదలచుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉన్న కేన్సరు పరిశోధనా సంస్థ శుద్ధి చేయని, అరకొరగా శుద్ధి చేసిన ఖనిజ నూనెలను మనుషులకు కేన్సరు తెచ్చేవిగా లెక్కగట్టింది. బాగా శుద్ధి చేసినవాటిని ఆ జాబితాలో పెట్టలేదు. కానీ ఏ నూనె అయినా రోజూ చర్మానికి పట్టి ఉంటే దురద, పొక్కులు, చర్మం పగుళ్ళు వస్తాయి. అది మన ఫిట్టర్ల చేతులు చూస్తే తెలుస్తుంది. పైగా ఖర్చు తగ్గించడానికి ఎక్కడిదో తెలియని చౌక నూనె డ్రమ్ములు తెచ్చే మిల్లులు ఉన్నాయి. డ్రమ్ము మీద పేరు లేకపోతే లోపల ఏముందో ఎవరు చెప్పాలి?

చట్టం సంగతి కొంచెం. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు మొదటిసారి వచ్చాయి. ఇప్పుడు అమల్లో ఉన్నవి 2016 నిబంధనలు. వాడిన నూనె, నూనె ఉన్న వ్యర్థాలు, నూనె పట్టిన గుడ్డలు అన్నీ వాటి జాబితాలో ఉన్నాయి. వీటిని పుట్టించే ఫ్యాక్టరీకి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలి, ఎంత పుట్టింది, ఎవరికి ఇచ్చారు అన్న లెక్క ఉండాలి, మామూలుగా తొంభై రోజులకు మించి నిలవ ఉంచకూడదు. వాడిన నూనె మండలి అనుమతి ఉన్నవాళ్ళకే ఇవ్వాలి. భంగార్‌వాడికి బస్తా కట్టి ఇవ్వడం ఆ మిల్లులో రివాజు కావచ్చు, చట్టం మాత్రం కాదు. ఇక కార్మిక చట్టాల మాట. 1948 ఫ్యాక్టరీల చట్టం చోట 2025 నవంబరు 21 నుంచి వృత్తి భద్రత కోడు అమల్లోకి వచ్చింది. ఆ కోడులంటే మాకు ప్రేమ లేదని పాఠకులకు తెలుసు. అయినా పని స్థలంలో భద్రత గురించి యాజమాన్యాన్ని సమాచారం అడిగే హక్కు కార్మికుడికి అందులోనూ ఉంది. ఉన్నంతవరకు వాడుకుందాం. వ్యర్థాల లెక్క చూపించమని రాతపూర్వకంగా అడగండి, సంఘం పేరుతో అడిగితే ఇంకా మంచిది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఏ మిల్లు లెక్కా కాదు, నోటి లెక్క. మూడు పాళీలు నడిచే మిల్లులో యంత్రం ఏడాదికి ఎనిమిది వేల గంటలు తిరుగుతుందనుకోండి. వెయ్యి గంటలకు ఒకసారి ఫిల్టరు మారిస్తే ఒక్కో చోట ఏడాదికి ఎనిమిది డబ్బాలు. ప్రెస్సులు, కంప్రెసర్లు కలిపి అలాంటి చోట్లు ఆరు ఉంటే నలభై ఎనిమిది డబ్బాలు. ఒక్కో డబ్బాలో పావు లీటరు నూనె మిగిలినా ఏడాదికి పన్నెండు లీటర్లు. ఒక్క మిల్లుకు ఇది పెద్ద కొండ కాదు. మేమూ దాన్ని కొండ చేసి చూపించదలచుకోలేదు. కానీ గిన్నె హౌసింగు పెడితే ఆ నలభై ఎనిమిది రేకు డబ్బాలు సున్నా అవుతాయి, ఎలిమెంట్లు మాత్రం మిగులుతాయి. ఆ ఎలిమెంటును రాత్రంతా జల్లెడ మీద నిలబెట్టి కారిస్తే నూనె చాలా వరకు కింది పళ్ళెంలోకి దిగుతుంది. డబ్బాకైతే రేకు పొడిచి కార్చాలి, ఆ పనిలోనే చేతులు కోసుకుంటారు.

అసలు ఫిల్టర్లు అన్నిసార్లు ఎందుకు మార్చవలసి వస్తోంది? ఈ ప్రశ్నకు జవాబు పుస్తకాల్లో కంటే మన ఆయిల్‌మన్ల దగ్గర ఎక్కువ ఉంది. వేరే పరిశ్రమలో ఏడాది నడిచే ఫిల్టరు నూలు మిల్లులో నాలుగు నెలలకే మూసుకుపోతుందంటే దానికి కారణం మన గాలి. సిలిండరు బయటికి వెళ్ళిన ప్రతిసారీ ట్యాంకులో నూనె దిగుతుంది, ఆ మేరకు గాలి లోపలికి పీలుస్తుంది. ట్యాంకు మీది బ్రీదరు మూత పోయి దాని చోట గుడ్డ పీలిక కుక్కి ఉంటే ఆ గాలితో పాటు దూది నుసి నేరుగా నూనెలోకి పోతుంది. పైగా గుడ్డ పోగులు ఊడి అవీ లోపల పడతాయి. నూనె తగ్గితే పోసేది దేంతో? టీ తాగిన మగ్గుతో, పైకప్పు లేని బకెట్టుతో. డ్రమ్ములోంచి వచ్చిన కొత్త నూనె కూడా వాల్వులకు కావలసినంత శుభ్రంగా ఉండదు. దాన్ని వడకట్టి పోయాలి. మూత పెట్టిన డబ్బా, జాలీ ఉన్న గరాటు, బ్రీదరుకు ఒక ఫిల్టరు మూత. ఈ మూడింటి ఖరీదు ఎలిమెంట్ల ముందు చాలా తక్కువ. ఇవి ఉంటే ఫిల్టరు ఎక్కువ కాలం నడుస్తుంది. ఇవి అడిగిన ఆయిల్‌మన్‌ను "నీకెందుకు, చెప్పిన పని చెయ్యి" అన్న సూపర్‌వైజర్లు తరువాత ఫిల్టర్ల ఖర్చు పెరిగిందని సర్క్యులర్లు రాస్తారు.

హౌసింగును గుడ్డిగా నమ్మమని కూడా మేము చెప్పడం లేదు. రేకు డబ్బాకు ఉన్న ఒక్క మంచి గుణం ఏమిటంటే ప్రతిసారీ కొత్తది. గిన్నె అలా కాదు, దానికి వయసు వస్తుంది. కింద పడితే సన్నని పగులు పడుతుంది. గుడ్డపెట్టి తుడిచి, లైటు పట్టి, మరలూ మూల వంపులూ చూడకపోతే కనిపించదు. మరలు అరిగిన గిన్నెను పాన చేత్తో ఇంకా బిగిస్తే ఒకరోజు ఒత్తిడికి ఊడి వస్తుంది. పగిలిన గిన్నెకు బయట షాపులో వెల్డింగు చేయించి తెస్తే దాన్ని బిగించడానికి మన ఫిట్టరు ఒప్పుకోకూడదు, సంఘం అతని వెనుక ఉంటుంది. ఓ-రింగు ప్రతిసారీ కొత్తది వేయాలి. నూనె పట్టించి వేయాలి. ఒత్తిడి లైను దగ్గర సన్నగా నూనె చిమ్ముతుంటే ఎక్కడి నుంచో అని వేలు పెట్టి వెతకవద్దు. ఆ ఒత్తిడిలో నూనె సూదిలా చర్మంలోకి దిగిపోతుంది. పైకి చిన్న చుక్కలా ఉంటుంది, నొప్పి కూడా మొదట తెలియదు, గంటల్లో చెయ్యి పోయే పరిస్థితి వస్తుంది. అలా జరిగితే టింక్చరు రాసుకుని ఇంటికి వెళ్ళకండి, అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్ళి హైడ్రాలిక్కు నూనె లోపలికి దిగిందని నోటితో చెప్పండి. లీకు వెతకడానికి అట్టముక్క వాడాలి.

గిన్నె విప్పే ముందు ప్రెస్సు ర్యామును పూర్తిగా దించి, మోటారు స్విచ్చి ఆపి తాళం వేసి, తాళం చెవి విప్పేవాడి జేబులో ఉండాలి. అక్యుమ్యులేటరు ఉంటే దాని ఒత్తిడి ఖాళీ చేసి గేజి సున్నా చూపించాక గానీ పాన పట్టకూడదు. ఇవన్నీ తెలుగులో రాసి ప్రెస్సు పక్కన గోడకు అతికించమని ఆ మిల్లులో మూడేళ్ళుగా అడుగుతున్నాం. ఇప్పటికీ అక్కడ ఇంగ్లీషు బోర్డే ఉంది, దాని మీద కూడా నూనె పట్టి సగం కనపడదు. భివండి, ఇచల్‌కరంజి మిల్లుల్లో ఉన్న మన సోదరులు వాళ్ళ దగ్గర తెలుగు బోర్డు ఉంటే ఒక ఫొటో పంపండి, ఇక్కడ చూపించి అడుగుతాం.

రెండేళ్ళ క్రితం రాసిన డిమాండును ఇప్పుడు సరిదిద్ది మళ్ళీ పెడుతున్నాం. రేకు డబ్బాల చోట హౌసింగులు పెట్టండి. పెట్టేటప్పుడు మూసుకుపోతే చూపించే ఇండికేటరు ఉన్నవే పెట్టండి, అది ఎరుపు చూపిస్తే ఎలిమెంటు మార్చే అధికారం ఎవరి సంతకం కోసమూ ఆగకుండా ఆ పాళీ ఫిట్టరుకే ఉండాలి. ప్రతి హౌసింగుకూ కనీసం రెండు సరైన ఎలిమెంట్లు స్టోర్సులో ఉండాలి, లేకపోతే స్టోర్సు "లేవు" అని కాగితం మీద రాసి ఇవ్వాలి. హౌసింగు వల్ల మిగిలే డబ్బులో మొదటి ఖర్చు చేతి తొడుగులకూ, నూనె పట్టే ఖాతాల వాళ్ళ బట్టలు మిల్లులోనే ఉతికించే ఏర్పాటుకూ పోవాలి. పర్మనెంటుకూ కాంట్రాక్టుకూ ఇందులో తేడా పెడితే మేము ఒప్పుకోం. మిగిలింది యాజమాన్యం తీసుకోవచ్చు, దాని మీద మాకు పేచీ లేదు. ఇక ఫిల్టరు పని తగ్గిందని ఫిట్టరు పోస్టు తగ్గించే ఆలోచన ఎక్కడైనా ఉంటే ఇప్పుడే మానుకోవడం మంచిది. గిన్నె చూసి, తుడిచి, పగులు పట్టుకునే పని డబ్బా విప్పి పారేసే పని కంటే ఎక్కువ నైపుణ్యం అడుగుతుంది.

మన ఫిట్టర్లకు కూడా ఒక మాట. నోటి ఆర్డరు మీద కాగితపు ఎలిమెంటు కడగకండి. కడగమంటే లాగు పుస్తకంలో ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో రాయండి. రాయనివ్వకపోతే సంఘం ఆఫీసుకు వచ్చి చెప్పండి, మేము రాసుకుంటాం. ఆ ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్న ఫిట్టరు ఈ రోజు ఇరుక్కున్నది అతనికి పని రాక కాదు, చెప్పిన మాటకు కాగితం లేక.

అతని మీద విచారణ మొదలైంది. చార్జిషీటు వెనక్కి తీసుకోవాలనీ, చెయ్యి పోగొట్టుకున్న కాంట్రాక్టు కార్మికుడికి పూర్తి పరిహారంతో పాటు అదే మిల్లులో అతను చేయగల పని పర్మనెంటుగా ఇవ్వాలనీ సంఘం నోటీసు ఇచ్చింది. విచారణలో మన పాత సంచికను యాజమాన్యం సాక్ష్యంగా పెడతానంటోంది. పెట్టనివ్వండి, ఈ సంచికను కూడా పక్కన పెడతాం. ఆ మూడు నెలల్లో స్టోర్సుకు ఎలిమెంటు కోసం ఇచ్చిన ఇండెంట్ల నకళ్ళు ఎవరి దగ్గరైనా ఉంటే, కిరసనాయిలు టబ్బు ఎవరి మాట మీద అక్కడికి వచ్చిందో చూసినవాళ్ళు ఉంటే, ఆదివారం పొద్దున సంఘం ఆఫీసుకు రండి. పేరు బయటపెట్టకుండా వాంగ్మూలం తీసుకోవడానికి మన వకీలు గారు పన్నెండు గంటల దాకా అక్కడే ఉంటారు.